మెట్లు దిగి చెప్పే మాట

వరాలు దగ్గరికి వెళ్ళి పని అడగాలా వద్దా అని తేల్చుకోవడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. విజయనగరంలో నేను పద్నాలుగేళ్ళు చీరల సెక్షన్‌లో పనిచేసిన షోరూమువాళ్ళు "పొద్దస్తమానం నిలబడటం ఇంక మీవల్ల కాదు కదా ఆంటీ" అని మంచి మాటగా చెప్పి మానిపించేశారు. మానిపించినందుకు కన్నా ఆంటీ అన్నందుకే నాకు ముందు ఒళ్ళు మండింది. ఆ కుర్రాడు మేనేజరుగా వచ్చి ఆర్నెల్లు కాలేదు. నేత చీరకీ మిల్లు చీరకీ తేడా కనుక్కోమంటే చీటీ తిరగేసి చదువుతాడు. వాడికి నా మోకాళ్ళ సంగతి ఎందుకట? మా ఆయన టైలరు. సుగరు వల్ల చూపు మందగించి రెండేళ్ళ కిందటే మిషను ఎక్కడం మానేశారు. ఇంట్లో సంపాదించే మనిషిని నేనొక్కదాన్నే. రెండు నెలలు ఇంటి దగ్గర కూర్చునేసరికి బియ్యం డబ్బా మూత తీయాలంటేనే నాకు చిరాకు వచ్చేది. విజయనగరంలో నాలుగు షాపులు తిరిగాను. నా మొహం చూసి, నా తల చూసి, ఫోను నంబరు రాసి ఇచ్చి వెళ్ళమన్నారు.

"ఆమదాలవలస ఎల్లి ఆ వరాలమ్మగారిని అడగరాదా? అడిగితే ఏటి పోతాది?" అన్నారు మా ఆయన.

"పరువు పోతాది," అన్నాను.

"అదెప్పుడున్నాది మనకి, పోడానికి?" అని నవ్వారు. నవ్వే ఓపిక ఆయనకింకా ఉంది, అదొకటి నా అదృష్టం. స్నేహితురాలిని అడగడానికి సిగ్గెందుకని మీరూ అనవచ్చు. వరాలు నాకు స్నేహితురాలు మాత్రమే అయితే సిగ్గుపడేదాన్ని కాదు. ఒకప్పటి యజమాని మాత్రమే అయినా పడేదాన్ని కాదు, దండం పెట్టి అడిగేదాన్ని. రెండూ కావడం వల్లే వచ్చింది చిక్కు. చివరికి పన్నెండో రోజు పొద్దున్న ఉన్నవాటిలో మంచి నేత చీర కట్టుకుని ప్యాసింజరు ఎక్కాను.

రైలు ఆమదాలవలస దగ్గర పడేసరికి నేను కిటికీ లోంచి తల బయటికి పెట్టి చూస్తున్నాను, పద్దెనిమిదేళ్ళ పిల్లలాగ. మా నాన్న ఈ స్టేషన్లోనే కళాసీగా చేసేవాడు. నేను పదో తరగతి రెండుసార్లు తప్పాక మూడోసారి కట్టించే ఓపిక ఆయనకి లేక, స్టేషన్ రోడ్డులో ఉన్న బట్టల షాపుకి తీసుకెళ్ళి, "మా పిల్లకి అక్షరాలు ఎక్కలేదు గాని సేతులు మంచివండి" అని అప్పజెప్పి వచ్చేశాడు. షాపు కోమట్లది. వరాలు ఆ ఇంటి పెద్దకోడలు, కాపరానికి వచ్చి ఏడాది. నాకన్నా రెండేళ్ళు పెద్ద. వాళ్ళాయన సరుకు కోసం ఊళ్ళు తిరిగేవాడు. ఆడవాళ్ళు జాకెట్టు గుడ్డలూ లోపలి లంగాలూ మగవాళ్ళ చేత అడిగి చూపించుకోవడానికి మొహమాటపడుతున్నారని, ఆడవాళ్ళ వైపంతా తనే చూసుకుంటానని వరాలు పట్టుబట్టి సాధించుకుంది. ఆ రోజుల్లో ఆ వీధిలో షాపు పరుపు మీద కూర్చున్న మొదటి కోడలు ఆవిడే. ఆవిడకి చేతికింద ఒక ఆడపిల్ల కావలసి వచ్చింది, నేను దొరికాను.

పొద్దున్న ఎనిమిదింటికి వెళ్ళేదాన్ని. నంబర్లు వేసిన తలుపు చెక్కల్ని వరసగా తీసి గోడకి ఆనించడం, వీధిలో నీళ్ళు జల్లి నాలుగు గీతల ముగ్గు వెయ్యడం, పరుపు మీద తెల్లదుప్పటి ముడత లేకుండా లాగి పరవడం, ఇవీ నా పనులు. తరవాత సాంబ్రాణి. ఆ పొగ బీరువాల మీదుగా పాకి, గంజి వాసనతోనూ కలరా ఉండల వాసనతోనూ కలిసి, మధ్యాహ్నానికి మన జుట్టులోకి దిగేది. ఇంటికి వెళ్తే మా అమ్మ, "షాపు వచ్చినాది" అనేది, నన్ను చూసి కాదు, వాసన పట్టి. ప్యాసింజరు వచ్చిన పావుగంటకి జనం దిగేవారు. చెప్పులు మెట్ల కింద విప్పి, పరుపు మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, మంచినీళ్ళు తాగి, ఊళ్ళో కబుర్లన్నీ చెప్పాకనే చీర మాట ఎత్తేవారు. చీర విప్పితే కొంగు వాళ్ళ ఒడిలో పడాలి, అంచు దీపం వైపు ఉండాలి, నచ్చనిది వాళ్ళ కళ్ళెదురుగా మడత పెట్టకూడదు. ఇవన్నీ వరాలు నేర్పింది. నా చేతి మీద గజం బద్దతో చిన్నగా కొట్టి మరీ నేర్పింది. వాళ్ళ అత్తగారు, అందరం మామ్మగారనేవాళ్ళం, ద్వారబంధం పక్కన పీట మీద విసనకర్రతో కూర్చుని, కళ్ళు మూసుకుని, బట్టని బొటనవేలితో రాసి, ఇది పొందూరుదా కాదా చెప్పేసేది. ఆవిడ ముక్కు ఆవిడ వేళ్ళకన్నా గట్టిది. నేను టిఫిన్ డబ్బాలో ఎండు రొయ్యలూ వంకాయా తెచ్చుకున్న రోజున పీట మీద నుంచే కేకేసేది, "ఒసే, సముద్రమేటి, షాపులోకి వచ్చిందేటి?" అని.

అందుకని నేను వెనకగదిలో, బేళ్ళు కట్టిన గోతాల చాటున తినేదాన్ని. వరాలు అక్కడికి వచ్చి కూర్చునేది. వాళ్ళింట ఉల్లిపాయ కూడా వారానికి నాలుగు రోజులే. అయినా, "మూత తియ్యవే, వాసన సూసి ఎల్పోతాను" అనేది. చూసేది, మొహం అదోలా పెట్టేది, మర్నాడు మళ్ళీ వచ్చేది. షాపులో నేను ఆవిణ్ణి అమ్మగారూ అనేదాన్ని, మీరు అనేదాన్ని. గోతాల చాటున ఒసే వరాలూ. ఈ ఏర్పాటు ఎవరూ మాట్లాడుకుని చేసుకున్నది కాదు. ఇద్దరం కలిసి నవ్వింది ఎక్కువ, ఏడ్చింది రెండుసార్లు. ఆవిడకి కడుపు నిలవనప్పుడొకసారి, నా పెళ్ళి కుదిరినప్పుడొకసారి.

ఆ షాపులో ఒక కట్టడి ఉండేది. షాపు లోపల ఎవరి నోటి నుంచీ లేదు అన్న మాట రాకూడదు. సరుకు అయిపోతే నిండుకుందనాలి, లేకపోతే రేపొస్తాదనాలి. సాయంత్రం షాపు మూసేస్తున్నామని కూడా అనకూడదు, కట్టేస్తున్నాం అనాలి. మామ్మగారికి అది మడీ తడీ కన్నా ముఖ్యం. నాకు చెప్పారు, నేను విన్నాను, కానీ మా ఇంట్లో రోజుకి ఇరవైసార్లు పలికే మాట అది, నాలిక మీద నుంచి ఎక్కడికి పోతుంది? చేరిన మూడో వారంలో, పొద్దున్నే, ఇంకా సాంబ్రాణి పొగైనా తగ్గకముందు, సముద్రం వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. చేపల వ్యాపారం చేసే వాళ్ళు. ముసలావిడ, ఇద్దరు కోడళ్ళు, ఒక మేనమామ. పెళ్ళి వారంలో ఉంది, మధుపర్కాలు సూపించమ్మా అన్నారు. ఆఖరి జత కిందటి సాయంత్రమే నా చేత్తో అమ్మాను. నేను ఉన్నదున్నట్టు చెప్పాను, "లేవమ్మా" అని.

ముసలావిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. "తొలి బేరం, పెళ్ళి గుడ్డల కోసమొస్తే లేవంటాదేటి ఈ గుంట!" అని లేచింది. వెనకాల అందరూ లేచారు. నీళ్ళయినా ముట్టుకోకుండా మెట్లు దిగి వెళ్ళిపోయారు. మామ్మగారు పీట మీద నుంచి అంత వేగంగా లేవగలదని నాకు అప్పుడే తెలిసింది. ఆవిడ నన్ను తిడుతూ ఉండగానే వరాలు చెప్పులు లేకుండా స్టేషన్ రోడ్డు మీద పరిగెత్తింది. కోమట్ల కోడలు నడివీధిలో పరిగెత్తడం! ముసలావిడ చెయ్యి పట్టుకుని ఆపి, సోడా కొట్లో కూర్చోబెట్టి, "పిల్ల కొత్తదమ్మా, తెలీక అనేసింది. మద్దినేల రైలుకి ఎల్దురుగాని, ఈలోగా మీ గుడ్డలు మీ సేతిలో పెడతాను" అంది. వాళ్ళాయన ఆ పూట ఊళ్ళోనే ఉన్నాడు. సైకిలు మీద పొందూరు పంపింది. మధ్యాహ్నానికి రెండు జతలు వచ్చాయి, వరాలు పసుపు రాసి ముసలావిడ ఒడిలో పెట్టింది. ఆ కుటుంబం ఆ తరవాత ఏ పెళ్ళికైనా మా షాపుకే వచ్చేవారు, వచ్చి ముందు నన్ను చూసి నవ్వేవారు.

వాళ్ళు వెళ్ళాక మామ్మగారు, దాన్ని పంపించెయ్యి అంది. వరాలు చెప్పులేసుకుని, "రావే" అని నన్ను మెట్లు దింపింది. నా పని అయిపోయిందనుకున్నాను, మా నాన్న మొహం కళ్ళ ముందు ఆడింది. ఆవిడ వీధిలో నిలబడి, "సూడు, లోపల అబద్దమాడమంటే నాకూ ఒల్లు మండుతాది. రేపొస్తాదని సెప్పి పల్లెలోల్లని రెండుసార్లు తిప్పడం పాపం కాదేటి? అంచేత నేనొకటి అనుకున్నాను. సరుకు లేదనుకో, ఇలగ మెట్లు దింపి, ఈది లోనే సెప్పెయ్. పక్క కొట్లో ఉన్నాదని కూడా సెప్పెయ్. మా అత్తకీ బాధ లేదు, మనకీ లేదు," అంది. అదీ మా వరాలు. నా పెళ్ళయ్యేదాకా నేనక్కడ పనిచేసిన ఆరేళ్ళలో ఎన్నిసార్లు ఆవిడ చెప్పులేసుకుని జనంతో మెట్లు దిగిందో, అన్నిసార్లూ నిజమే చెప్పింది. పల్లెలవాళ్ళకి కూడా ఆ సంగతి తెలిసిపోయింది. ఆవిడ చెప్పుల కోసం కాలు చాపితే, "సరేలెండమ్మా, ఇంకో కొట్టు సూస్తాం, మీరు లేవకండి" అనేవారు.

ఇదంతా తలుచుకుంటూ నడిచానేమో, షాపు దాటి ముందుకి వెళ్ళిపోయి మళ్ళీ వెనక్కి వచ్చాను. పరుపు తీసేసి చాలా ఏళ్ళయింది, ఇప్పుడు గాజు బల్లా కుర్చీలూ. వాళ్ళాయన పోయినప్పుడు వచ్చి చూశాను, మళ్ళీ రావడం ఇదే. బీరువాల్లో సగం అరలు ఖాళీగా ఉన్నాయి. అప్పుడే నాకు తెలియవలసింది. నేను నా గోలలో ఉన్నాను, అరల సంగతి పట్టించుకోలేదు. వరాలు కళ్ళజోడు ఎత్తి చూసి, "ఒలమ్మో, రమణా! ఏటే, ఇలగైపోయావు, కర్రలాగ!" అని లేచి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. ఆవిడా లావేమీ కాలేదు, చెయ్యి మాత్రం అదే మెత్తన.

కాఫీ తెప్పించింది. మా ఆయన కళ్ళ సంగతి అడిగింది, మా అమ్మాయి నరసన్నపేటలో కాపరం సంగతి అడిగింది. మామ్మగారి పీట ఏమైందని నేనడిగాను. నేను అరగంట సేపు అడగవలసింది తప్ప అన్నీ అడిగాను. చివరికి ఆవిడే, "ఉత్తినే రావు నువ్వు. ఏటి, సెప్పు," అంది.

చెప్పాను. చీరలు చూపించడం ఒక్కటే నాకు చేతనైన పని అని, ఇక్కడైనా సరే, ఇంకెక్కడైనా సరే, రోజూ రైలు మీద వచ్చి వెళ్తానని, నిలబడగలనని. నిలబడగలను అన్న మాట రెండుసార్లు అన్నాను. షాపులో ఉన్నాం కాబట్టి మీరు అన్నాను. మొహం మాత్రం ఎత్తలేకపోయాను, గాజు బల్ల మీద పడ్డ ఫ్యాను నీడ చూస్తూ చెప్పాను. నేను తలెత్తేసరికి వరాలు బల్ల కింద కాలితో చెప్పులు వెతుక్కుంటోంది.

నాకు తెలిసిపోయింది. "సరేలెండమ్మగారూ, మీరు లేవకండి" అందామనుకునేలోపే ఆవిడ లేచింది. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. ఇద్దరం మెల్లగా దిగాం, ఇద్దరివీ మోకాళ్ళే కదా. వీధిలోకి వచ్చాక, ఆటోల గోలలో, నా మొహంలోకి చూసి చెప్పింది.

"లేదే రమణా. నీకే కాదు, నాకూ లేదు. మా మరిదిగారు షాపు అద్దెకిచ్చేశారు, సెల్‌ఫోన్లోల్లకి. వచ్చే నెల ఖాళీ సెయ్యాలి. నన్నడిగేటి ఇచ్చేరా? ఇంటికాడ కూకుని టీవీ సూసుకో వదినా, నీకేటి లోటు అంటన్నారు. లోటు లేదు, నిజమే. పొద్దున్న లేచి ఎక్కడికెల్లాలే మరి? నలబయ్యేల్లబట్టి తొమ్మిదయ్యేసరికి ఇక్కడికొచ్చేను. ఆ తొమ్మిదిని తలుసుకుంటే బయమేస్తన్నాది."

నా కష్టం చెప్పుకోవడానికి వచ్చి ఆవిడ కష్టం మీద కాలు వేశాను. "ఒసే వరాలూ" అన్నాను, అంతే. నలభై ఏళ్ళలో మొదటిసారి వీధిలో అందరి ముందూ అలా పిలిచాను. ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని, "నడు" అంది. ఎక్కడికే అంటే, "సూసి పెట్టమని వచ్చేవు కదా, సూద్దాం నడు," అంది.

తన జన్మలో వరాలు ఇంకొకరి షాపు మెట్లు ఎక్కి చెయ్యి చాపింది లేదు. అటువంటి మనిషి నన్ను వెంటబెట్టుకుని రోడ్డుకి ఆ వైపున్న రెండంతస్తుల రెడీమేడ్ షాపులోకి నడిచింది. "మా రమణండి. నాకంటే బాగా బట్ట తెలుసు దీనికి. ఏదైనా పని ఉంటే సూడండి," అంది. అక్కడ కూర్చున్నాయన ఫోను లోంచి తలెత్తకుండానే, "లేదండి," అన్నాడు. పొద్దున్న పదకొండింటికి, షాపు నడిమధ్యన, అంత గట్టిగా. వరాలు మొహం నేను చూశాను. పని లేనందుకు కాదు, ఆ మాట అంత తేలిగ్గా అన్నందుకు నొచ్చుకుంది. కానీ ఒక్కటి చెప్పాలి. ఆ మనిషి ఏ లోటూ లేకుండా బతుకుతున్నాడు. మేం ఆ మాటకి అంత భయపడి దాన్ని వీధిలోకి మోసుకెళ్ళి చెప్పేవాళ్ళం, మా షాపే ఖాళీ అవుతోంది. ఏ కాలం మంచిది అంటే నేను చెప్పలేను. మాకు మర్యాద ఎక్కువుండేది, అంతవరకు చెప్పగలను.

రెండో షాపులోనూ అదే మాట విన్నాం. మూడో షాపు స్టేషను దగ్గర కొత్తగా పెట్టిన చీరల షాపు. చెప్పులు విప్పి ఎక్కే షాపు, పరుపు కూడా వేశారు, ఈమధ్య పాత పద్ధతులకి గిరాకీ వచ్చిందట. కుర్రాడు, పాతికా ముప్ఫై మధ్య ఉంటాడు, వరాలుని చూసి లేచి నిలబడ్డాడు. "రండి పిన్నిగారూ," అని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. వరాలు మొదలుపెట్టబోయే లోపల తనే అన్నాడు, "మీ షాపు సంగతి విన్నానండి. మీలాంటి పెద్దోల్లు కూకుంటే నాకూ బాగుంటాది, పల్లెలోల్లకి మీ మాటంటే గురి. గాని పిన్నిగారూ, ఇప్పటికి ఒక్కరికే ఉన్నాదండి. ఇద్దరికంటే నా వల్ల కాదు."

ఇద్దరం పని కోసమే వచ్చామనుకున్నాడు. వరాలు వెంటనే పలకలేదు. ఎంతసేపు? నేను ఒక గుక్క నీళ్ళు మింగినంత సేపు. ఆవిడ చెయ్యి పరుపు మీద ఉంది, దుప్పటి ముడత సాపు చేస్తోంది. ఆ ఒక్క గుక్కలో ఆవిడ పొద్దుటి తొమ్మిదీ, ఈ పరుపూ, ఎదురుగా బీరువా నిండా చీరలూ అన్నీ ఆవిడ మొహం మీద నాకు కనపడ్డాయి. అంత ఆశ ఆవిడ మొహంలో, ఆవిడ వయసులో ఉన్నప్పుడు కూడా నేను చూడలేదు.

"అబ్బే, దీనికేనండి బాబూ," అంది. "నాకేటి పని, నేను తోడొచ్చేనంతే."

ఇప్పుడు రోజూ ప్యాసింజరు మీద వెళ్తున్నాను. కూర్చునే చీరలు చూపిస్తాను. మోకాళ్ళకి సుఖంగానే ఉంది. మా ఇంట్లో బియ్యం డబ్బా మూత మామూలుగా తీస్తున్నాను. వరాలు వారానికి రెండుసార్లయినా వస్తుంది, కొనేదేమీ ఉండదు, కాసేపు పరుపు అంచున కూర్చుని బట్ట ముట్టుకుని వెళ్తుంది. ఆ రోజు సంగతి ఆవిడ ఎత్తదు. నేనూ ఎత్తలేదు. పూటకొకరం చేస్తామండీ అని ఆ కుర్రాడితో ఆ రోజే నేను అని ఉండవచ్చు. ఆ మాట నాకు తరవాత రైల్లో తట్టిందని మా ఆయనకి చెప్పాను. నిజానికి అక్కడే, ఆవిడ నోరు తెరవకముందే తట్టింది. నాకు పని కావాలి. నేను నీళ్ళ గ్లాసు కింద పెట్టి, సోమవారం నుంచి వస్తానని చెప్పాను.